అనని మాటలు చెప్పే ఫోను

లిఫ్టాయన మాట మీద బతికే మనిషి. ఇన్సూరెన్సు ఏజెంట్ల గురించి కూడా ఇలాగే అంటారు గానీ, ఈయన విషయంలో అది అక్షరాలా నిజం. పాత బిల్డింగుల్లో లిఫ్టులు బాగుచేయడం ఆయన పని. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పైన, మేడ మీది మెషిన్ గదిలో మెయిన్ స్విచ్చు దగ్గర నిలబడతారు. రెండో మనిషి అట్టడుగున, లిఫ్టు వచ్చి ఆగే చోటికి ఇంకా కింద ఉండే గుంతలోకి నిచ్చెన వేసుకుని దిగుతాడు. కొత్త బిల్డింగుల్లో అయితే ఆ గుంతలో కూడా ఒక స్విచ్చు ఉంటుంది. కిందివాడు దాన్ని నొక్కి ఉంచితే పైవాడు తలకిందులుగా తపస్సు చేసినా లిఫ్టు కదలదు. పాతవాటిలో అది తుప్పు పట్టి పోయుంటుంది, లేదా అసలే ఉండదు. అక్కడ మాటే స్విచ్చు. "బయటికొచ్చావా?" అని పైవాడు అడగాలి, "వచ్చా" అని కిందివాడు చెప్పాలి, అప్పుడే కరెంటు ఇవ్వాలి. ఆ మాట అటూ ఇటూ అయిందంటే, దిగే లిఫ్టుకి కింద మనిషి ఉన్నాడో పాత గోనెసంచి ఉందో తెలియదు.

పూర్వం ఈ మాట లిఫ్టు తిరిగే చీకటి షాఫ్టులోకి తల పెట్టి గొంతు చించుకుని అరిచేవారు. అంతస్తులు పెరిగాక గొంతు చాల్లేదు. ఫోన్లు వచ్చి ఆ బాధ తీర్చాయి.

గుంతలోకి దిగేవాడు ఆయన బావమరిది. లిఫ్టాయనకి పెళ్లయిన కొత్తలో, తల్లీతండ్రీ లేని ఈ పిల్లాడు అక్క కొంగు పట్టుకుని ఆమె వెంటే వచ్చేశాడు. వాడికి చెప్పులు కొన్నదీ, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగిందీ, స్పానర్ పట్టుకోవడం నేర్పిందీ, మీసం మొలిచిన కొత్తలో అద్దం ముందు నుంచి చెవి పట్టుకుని లాక్కొచ్చి పనిలో పెట్టిందీ అన్నీ బావే. పిల్లల్లేని ఆ ఇంట్లో వాడే కొడుకు, వాడే తమ్ముడు, వాడే తలనొప్పి. వాడికి చిటపట అని పేరు పెట్టింది అక్క. కాగే నూనెలో నీటిచుక్క పడ్డట్టు ఎప్పుడూ చిటపటలాడుతూనే ఉంటాడు. టీ వేడిగా ఉంటే నాలుక కాలిందంటాడు, ఊది ఇస్తే చల్లారిపోయిందంటాడు. బావంటే వాడికి ప్రాణమని చుట్టుపక్కల అందరికీ తెలుసు. బావతో ఒక్క మంచి మాటైనా అన్నాడా అంటే మాత్రం ఎవరికీ గుర్తులేదు.

"ఒక్కరోజైనా నాతో నిమ్మళంగా మాట్లాడరా, నీకు పుణ్యముంటుంది" అనేవాడు లిఫ్టాయన.

"మాట్లాడితే నువ్వు తట్టుకోలేవు బావా. అలవాటు లేదుగా" అనేవాడు చిటపట.

లిఫ్టాయన పాత ఫోను మెట్ల మీద జారిపడి దాని మానాన అది పోయాక కొత్తది కొన్నాడు. పెద్ద తెర, నల్లగా మెరిసే వీపు, ఏడాది వారంటీ. కొన్ని నెలలు అది బుద్ధిగానే పనిచేసింది. దాని బుద్ధి మారిన సంగతి మొదట ఇంట్లోనే బయటపడింది, కాకపోతే ఎవరూ పట్టించుకోలేదు.

వంటింట్లో కుళాయి కారుతోంది. జనాల లిఫ్టులన్నీ బాగుచేసే మహానుభావుడికి ఇంట్లో కుళాయి కనబడదా అని భార్య మాట్లాడటం మానేసింది. మధ్యాహ్నం పని మధ్యలో లిఫ్టాయన ఆమెకు ఫోన్ చేసి, "కోపం పోయిందా?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడో పోయిందండీ. కుళాయిదేముంది, మీకు వీలైనప్పుడే చూడండి. వేళకి వచ్చి నాలుగు మెతుకులు తినండి, అదే చాలు" అంది ఆమె.

ఆయన మురిసిపోయి, సాయంత్రం ఈలవేసుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆమె కంచాన్ని ఆయన ముందు దభీమని పెట్టింది.

"ఫోన్లో అంత చక్కగా మాట్లాడావు. ఇంతలోకే ఏమొచ్చింది?"

"నేనా? మీతోనా? మీ ఫోనే రాలేదు. కావాలంటే చూసుకోండి" అంటూ తన ఫోను ఆయన ముందు పడేసింది. అందులో ఆయన చేసినట్టే లేదు. ఆయన ఫోన్లో మాత్రం చేసినట్టు ఉంది. సిగ్నల్ గొడవేదో అయి ఉంటుందనీ, బెట్టు చేస్తోందనీ రెండూ అనుకుని, కుళాయి బాగుచేసి పడుకున్నాడు. ఆడవాళ్ల కోపాన్ని అర్థం చేసుకోవడం తనవల్ల కాదని ఏ మగవాడైనా సులువుగా ఒప్పుకుంటాడు. దానివల్ల ఒక్కోసారి ఎంత ముప్పు కళ్లముందే ఉన్నా కనబడకుండా పోతుందో ఆలోచించడు.

ఆ తర్వాత ఎనిమిదంతస్తుల పాత బిల్డింగులో పని. చిటపట గుంతలో దిగి కింద ఉండే పెద్ద స్ప్రింగులు బిగిస్తున్నాడు. లిఫ్టాయన పైన మెషిన్ గదిలో లిఫ్టుని మోసే ఇనుప తాళ్లకి గ్రీజు రాసి, చేతులు తుడుచుకుని, ఫోన్ చేశాడు.

"బయటికొచ్చావా?"

"వచ్చా బావా. ఇవ్వు" అంది ఫోన్లో చిటపట గొంతు.

లిఫ్టాయన స్విచ్చు మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడు, కాళ్ల దగ్గర తాళ్లు దిగే కంతలోంచి ఒక శబ్దం పైకి వచ్చింది. ఠక్, ఠక్, ఠక్. ఇనుము మీద సుత్తి దెబ్బ. అడుగున గుంతలోంచి, ఎనిమిదంతస్తుల చీకటి దాటుకుని, తీరుబడిగా వస్తోంది.

ఆయన చెయ్యి స్విచ్చు మీదే బిగుసుకుపోయింది. దాన్ని అక్కణ్నుంచి తీయడానికి రెండో చెయ్యి సాయం కావలసి వచ్చింది. ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, మెట్లన్నీ పరుగున దిగాడు. చిటపట ఇంకా గుంతలోనే ఉన్నాడు. పైకి చూసి చిరాకుపడ్డాడు.

"ఏంటి బావా, నా ముఖం చూడకుండా ఉండలేకపోయావా? అక్క ముఖం కూడా ఇంత ఆత్రంగా చూడవే."

"నువ్వు బయటికొచ్చానన్నావు కదరా!"

"నేనెక్కడన్నాను? నువ్వు ఫోనెక్కడ చేశావు? పొద్దున్నుంచీ ఈ బురదలో చస్తున్నా, చెవిలో గుబిలి తీయించుకో ముందు."

లిఫ్టాయన మెట్టు మీద కూలబడ్డాడు.  వాడి అరుపు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు ఆయనకి.

ఇంటికి వచ్చాక ముగ్గురూ కూర్చుని పరీక్ష పెట్టారు. బావ ఈ గోడకి, బావమరిది ఆ గోడకి. చిటపట తన ఫోను అరచేతిలో అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. లిఫ్టాయన ఫోన్ చేశాడు. చిటపట చేతిలోది మోగలేదు, వెలగలేదు. లిఫ్టాయన చెవిలో మాత్రం, "చెప్పు బావా" అని వినిపించింది. ఆయన ఎదుటి గోడ వైపు చూశాడు. వాడి పెదవులు మూసుకునే ఉన్నాయి. కళ్లు పెద్దవి చేసుకుని ఇటే చూస్తున్నాడు.

"ఇటివ్వు" అని చిటపట ఆ ఫోను లాక్కుని తన చెవిన పెట్టుకున్నాడు. కొంచెంసేపు విన్నాడు. ఫోనుని చాప మీద పెట్టి, దానికి దూరంగా జరిగాడు.

"నా గొంతే" అన్నాడు. "అన్నం తిన్నావా బావా అని అడుగుతోంది."

 విసుక్కోలేదు, వెక్కిరించలేదు. వాడు గొణుక్కోకుండా ఉండటం ఆ ఇంట్లో అదే మొదటిసారి, అక్కకి ఫోను కంటే దానికే ఎక్కువ భయమేసింది.

"ఎవరికైనా చూపిద్దామా?" అందామె.

"ఎవరికి చూపిస్తావక్కా? వారంటీ ఉందిగా, మార్పించెయ్యమను" అన్నాడు చిటపట. దయ్యం పట్టినా సరే, ఏడాది లోపు పడితే కంపెనీదే పూచీ అనుకునే కాలం మనది.

సర్వీసు సెంటరు చల్లగా, తెల్లగా, ఏ వాసనా లేకుండా ఉంది. టోకెన్ తీసుకుని జనం వరసగా కూర్చున్నారు, ఒళ్లో తలా ఒక చెడిపోయిన ఫోను. కౌంటరు వెనక ఒకమ్మాయి కంప్యూటర్లో సమస్య రాసుకుంటోంది. లిఫ్టాయన వంతు వచ్చింది.

"ఏంటి సార్ ప్రాబ్లం? మాట వినబడటం లేదా?"

"వినబడుతుందమ్మా. అవతలివాళ్లు అనని మాట కూడా వినబడుతుంది."

ఆ అమ్మాయి తెర మీద ఉన్నవన్నీ చదివింది. ఛార్జింగ్ ఎక్కడం లేదు, తెర పగిలింది, వేడెక్కుతోంది, మాట సరిగా వినిపించడం లేదు. "మీరు చెప్పేది ఇందులో లేదు సార్" అంది. ఆయన్ని చూసి నవ్వలేదు, అందుకే ఆయనకి ఆమె మీద గౌరవం కలిగింది.

ఫోను లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. టెక్నీషియన్ తన ఫోన్ నుంచి చేసి చూశాడట, తన ఫోన్‌కి చేసుకుని చూశాడట. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయట. "లోపం మా ముందు కనబడాలి సార్. కనబడని లోపానికి మార్చం. ఇక్కడి పద్ధతి అది" అంది ఆ అమ్మాయి.

లిఫ్టాయనకి కోపం రాలేదు. ఆయన పద్ధతీ అదే. లిఫ్టు ఊగుతోందని ఎవరైనా చెబితే తను ఎక్కి చూస్తేగానీ నమ్మడు. కానీ ఆ ఫోను టెక్నీషియన్ చేతిలో బుద్ధిమంతురాలైపోతోంది. పాపం, ఆ కుర్రాడు దాన్ని అడిగేదల్లా "హలో, వినబడుతోందా?" అనే. దానికి ఏ జవాబు వస్తే వాడికెంత, రాకపోతే వాడికెంత? ఈ సంగతి లిఫ్టాయనకి అప్పుడు తట్టలేదు. సర్వీసు సెంటరు చుట్టూ తిరిగాడు, మళ్లీ తిరిగాడు. ఆ రోజుల్లో పాత బిల్డింగుల పని ఒప్పుకోలేదు. తప్పనిసరైతే, పని కాగానే తనే కిందికి దిగి, చిటపట రెక్క పట్టుకుని పైకి లాగి, వాడు తిడుతుంటే వింటూ మళ్లీ మెట్లెక్కి వెళ్లి కరెంటు ఇచ్చేవాడు. మోకాళ్లు వాచిపోయాయి.

చివరికి ఒకరోజు కౌంటరమ్మాయే విసిగింది. "ఇటివ్వండి సార్, మీ ముందే చేసి చూపిస్తా. మా అమ్మకి చేస్తాను. మీ అనుమానం తీరిపోతుంది" అని, ఆయన ఫోన్లో నంబరు నొక్కి, ఆయనకీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"అమ్మా, పాపకి జ్వరం తగ్గిందా?"

"తగ్గిందే తల్లీ. లేచి ఆడుకుంటోంది. బొమ్మలన్నీ పరుచుకుంది. నువ్వు బెంగపెట్టుకోకు, నిదానంగా పని చూసుకుని రా."

ఆమె ముఖం వెలిగిపోయింది. ఫోను ఆయన చేతిలో పెడుతూ, "చూశారా, ఎంత బాగా—" అంటుండగా డ్రాయర్లో ఆమె సొంత ఫోను మోగింది. తీసింది. అవతలి గొంతు కౌంటరు ఇవతలికి కూడా వినబడేంత గట్టిగా ఉంది.

"ఏమే, ఎంతసేపటినుంచీ చూస్తున్నానే నీ ఫోన్ కోసం! ఒక్కసారైనా చేసి అడగవా? పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు తేలేస్తోంది. తొందరగా రా!"

అదే గొంతు. ఇందాకటి తల్లి గొంతే.

ఆ అమ్మాయి లిఫ్టాయన చేతిలో ఉన్న ఫోను వైపు చూసింది. పెదవులు తెల్లబడ్డాయి. కంప్యూటరు వైపు తిరిగి, 'మాట సరిగా వినిపించడం లేదు' అన్నదాని మీద నొక్కింది. "ఇంతకంటే దగ్గర మాట ఇందులో లేదు సార్. కొత్తది తెప్పిస్తాను" అని, బ్యాగు తీసుకుని, పక్క కౌంటరు అబ్బాయికి చెప్పీ చెప్పకుండా పరిగెత్తింది.

కొత్త ఫోను వచ్చిందని కబురొస్తే లిఫ్టాయన వెళ్లాడు. ముందు పాప సంగతే అడిగాడు.

"తగ్గింది సార్. వెళ్లి కళ్లారా చూసుకున్నాకే నమ్మాను" అంది ఆ అమ్మాయి. ఇంకేదో అనబోయింది గానీ, తర్వాతి టోకెన్ మనిషి వచ్చి కూర్చున్నాడు.

టెక్నీషియన్ సీలు తీయని డబ్బా తెచ్చి ఆయన ముందే విప్పాడు. "సార్, ఖాళీగా ఇచ్చెయ్యమంటారా, పాతదాంట్లో ఉన్నదంతా ఇందులోకి మార్చమంటారా?"

లిఫ్టాయన ఆలోచించవలసిన చోటు అదే. కానీ ఆయనకి గుర్తొచ్చింది బిల్డింగుల వాచ్‌మన్‌ల నంబర్లు, లిఫ్టులో ఇరుక్కుని ఏ వేళప్పుడైనా పిలిచే మనుషుల నంబర్లు. అవే ఆయన అన్నం. "అంతా మార్చు బాబూ. ఒక్కటి కూడా పోకూడదు" అన్నాడు.

రెండు ఫోన్లనూ పక్కపక్కన పడుకోబెట్టారు. పాతదాని తెర మీద ఒక గీత మెల్లగా నిండింది, కొత్తదాని తెర మీద కూడా నిండింది. "అయిపోయింది సార్. ఏదీ పోలేదు. దాంట్లో ఉన్నదంతా ఇందులోకి వచ్చేసింది" అన్నాడు టెక్నీషియన్. లిఫ్టాయన వాడికి మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టాడు.

కొత్త ఫోను బంగారంలా పనిచేసింది. భార్య ఫోన్లో కసిరితే ఇంట్లోనూ కసిరినట్టే ఉండేది. గుంతలోంచి చిటపట, "ఆగు బావా, నీకేం తొందర, రైలెక్కాలా?" అనేవాడు, కిందికెళ్లి చూస్తే నిజంగానే గుంతలో ఉండేవాడు. కొన్నాళ్లు అలా దిగి చూసుకున్నాక లిఫ్టాయన దిగడం మానేశాడు. మోకాళ్లు కాస్త కోలుకున్నాయి. పాత బిల్డింగుల పని మళ్లీ ఒప్పుకున్నాడు.

ఆ రోజు పనికి వెళ్లిన చోట గుంతలో నీరు చేరి ఉంది. నిచ్చెన మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి. చిటపట ఆ నీటినీ, ఆ బిల్డింగు వాళ్లనూ, బావనూ కలిపి తిట్టుకుంటూ దిగాడు. మధ్యాహ్నానికి పని అయిపోవచ్చింది. లిఫ్టాయన పైనుంచి ఫోన్ చేశాడు.

"బయటికొచ్చావా?"

"వచ్చేశా బావా. తలుపు కూడా వేశాను. నువ్వు నిశ్చింతగా కరెంటివ్వు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు, కాళ్లు నొప్పి పుట్టాయేమో. ఇద్దరం కలిసి టీ తాగుదాం రా."

 ఇన్నేళ్లకి! పెంచిన చేతికి ఇన్నేళ్లకి ఒక చల్లని మాట దక్కింది. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా స్విచ్చు మీద చెయ్యి వేశాడు. వేశాక ఆగిపోయాడు. నిశ్చింతగా అన్న మాట వాడు పుట్టి బుద్ధెరిగి అనలేదు. కాళ్లు నొప్పా అని వాడు అడగడు. వాడికి తన మీద ఎంత ప్రేమ ఉందో లిఫ్టాయనకి తెలుసు, అది ఇలా బయటికి రాదనీ తెలుసు. ఇలా మాట్లాడాలని కోరుకున్నది తను. ఫోను ఆ కోరికనే వాడి గొంతుతో వినిపిస్తోంది.

"ఏం బావా, ఇవ్వవే?" అంది ఫోను, మృదువుగా.

ఆయన ఫ్యూజు పీకి, మెట్ల మీద పడుతూ లేస్తూ దిగాడు. కింద తలుపు తెరిచే ఉంది. చిటపట గుంతలో, మోకాలి లోతు నీళ్లలో, స్ప్రింగు మీద తల ఆనించి పడి ఉన్నాడు. నిచ్చెన పక్కకి ఒరిగి ఉంది. చెవి పక్కన రక్తం. జేబులోని ఫోను నీళ్లలో నానిపోయి ఎప్పుడో ఆరిపోయింది.

వాచ్‌మన్ తన ఫోన్‌తో అంబులెన్సుని పిలిచాడు. ఇంటికి కూడా అతనే చేశాడు. లిఫ్టాయన తన ఫోను ఆర్పేసి, జేబులో లోతుగా తోసేసి, వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఒక్కసారి తిట్టరా" అన్నాడు. "నిన్ను ఈ నీళ్లలోకి దింపినందుకు నన్ను తిట్టరా నాన్నా."

ఆస్పత్రిలో డాక్టరు, తలలో వాపు ఉందన్నాడు. తనంతట తాను కళ్లు తెరిస్తే గండం గడిచినట్టే, తెరవకపోతే ఏమీ చెప్పలేమన్నాడు. రోగి దగ్గర ఒక్కరే ఉండాలి. అక్క ఉంది. చేతికి పిండి అంటుకున్నది అంటుకున్నట్టే పరిగెత్తుకొచ్చిన మనిషి, తమ్ముడి కాళ్లు పట్టుకుని కూర్చుంది. తెల్లవారినా వాడిలో కదలిక లేదు.

"మీరు ఇంటికెళ్లి వాడికి బట్టలూ దుప్పటీ పట్టుకురండి. ఫ్లాస్కు కూడా" అంది ఆమె.

"కళ్లు తెరిస్తే వెంటనే ఫోన్ చెయ్యి" అన్నాడు ఆయన, అలవాటుకొద్దీ. ఆమె తమ్ముడి ముఖం మీంచి చూపు తిప్పకుండానే తల ఊపింది.

ఇంట్లో ఎండ పడుతోంది. చిటపట పక్క చుట్టచుట్టి అలాగే ఉంది. వాడు తాగి వదిలేసిన టీ గ్లాసు కిటికీలో ఉంది. లిఫ్టాయన బట్టలు మూటకట్టాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ, మనసంతా ఆ మూసిన కళ్ల దగ్గరే ఉంది. ఈపాటికి తెరిచాడేమో. తెరిస్తే ఆమె ఫోన్ చేసి ఉంటుందేమో, తను ఆర్పేసి కూర్చున్నాడు.

వద్దనుకుంటూనే ఫోను వెలిగించాడు. అన్నీ అబద్ధాలే చెప్పలేదుగా ఇది, చాలాసార్లు నిజమే చెప్పిందిగా అనుకున్నాడు. భార్యకి ఫోన్ చేశాడు. మొదటి మోతకే ఎత్తింది.

"ఏవండీ! తెరిచాడండీ. వాడు కళ్లు తెరిచాడు."

ఆయన గోడ పట్టుకున్నాడు. "నిజంగా? నిజంగా నువ్వేనా?"

"నేను కాకపోతే ఇంకెవరండీ? లేచి కూర్చున్నాడు. మిమ్మల్నే అడుగుతున్నాడు. డాక్టరు గారు కూడా ఇక భయం లేదన్నారు."

ఆయన ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, ముక్కు కారుతుండగా, సిగ్గులేకుండా ఏడ్చాడు. ఏడుస్తూనే ఫోను చెవికి ఆనించుకుని, ఫ్లాస్కు కోసం వంటింట్లోకి నడిచాడు.

సగం కలిపిన పిండి గిన్నెలో ఎండిపోయి ఉంది. దాని పక్కన, గట్టు మీద, భార్య ఫోను ఉంది. పిండి వేళ్ల గుర్తులు పడి, తెర నల్లగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. నిన్న పరిగెత్తినప్పుడు ఆమె దాన్ని ఇక్కడే వదిలేసింది.

"ఏవండీ, ఉన్నారా?" అంది చెవిలో ఆమె గొంతు. "మీరేం కంగారుపడకండి. నిదానంగా రండి. వాడికేం కాదు."

లిఫ్టాయన గట్టు మీది ఫోనుని చూస్తూ నిలబడ్డాడు. చెవిలోది నేలకేసి కొట్టి ఆస్పత్రికి పరిగెత్తాలని ఆయనకి తెలుసు. అక్కడ మంచం మీద నిజం ఉంటుందనీ, అది ఎలాగైనా ఉండవచ్చనీ తెలుసు. కాళ్లు కదల్లేదు. ఆ గదిలోకి అడుగుపెట్టి ఆ ముఖం చూడాలంటే ఆయనకి ప్రాణం మీదికి వచ్చినంత భయం వేసింది.

వెనక్కి నడిచి, వంటింటి తలుపు దగ్గరగా లాగాడు. గట్టు కనబడకుండా గడియ కూడా పెట్టాడు. ముందుగదిలోకి వచ్చి, చిటపట పక్క మీద కూర్చుని, ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకున్నాడు.

"ఇంకా ఏమంటున్నాడు వాడు?" అని అడిగాడు.